ఫోన్‌లోని పాట కారు స్టీరియోలో రావాలంటే

కారు కొంటే పదేళ్లు, పన్నెండేళ్లు వాడతాం. ఫోన్ మూడేళ్లు నిలిస్తే గొప్ప. మన తలనొప్పంతా ఈ వయసుల తేడాలోంచే పుడుతోంది. మొన్న కొన్న ఫోన్‌లో ఏ పాట కావాలన్నా క్షణంలో దొరుకుతుంది. 2012లోనో 2013లోనో షోరూం దాటిన కారులోని స్టీరియోకేమో సీడీ, ఎఫ్ఎం, ఓ గుండ్రటి రంధ్రం తప్ప మరో లోకం తెలియదు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న కారైతే దాని మాన్యువల్ కూడా చేతికి రాదు. తిరుపతి ప్రయాణానికి ముందు కార్ డెకార్స్ షాపుకెళ్లి "అన్నా, దీంట్లో ఫోన్ పాటలు వచ్చేలా చేయొచ్చా?" అని అడిగామనుకోండి. "పాతదాంతో ఎందుకు సార్ కుస్తీ, ఆండ్రాయిడ్ స్టీరియో వేసేద్దాం" అంటూ అతను కొత్త డబ్బా ముందు పెడతాడు. ఆ డబ్బా నిజంగా అవసరమో కాదో మనమే తేల్చుకోవచ్చు. అందుకు తెలియాల్సింది ఒకటే: ఫోన్‌లో బయల్దేరిన పాట ఏ దారిన స్పీకర్ చేరుతోంది, ఆ దారిలో ఏ పని ఎవరు చేస్తున్నారు.

ఎవరి పని ఏమిటి

ఫోన్‌లో పాట అంకెల రూపంలో ఉంటుంది. స్పీకర్‌కు అంకెలు పనికిరావు. దానికి క్షణక్షణం ఎక్కుతూ తగ్గుతూ ఉండే కరెంటు కావాలి. కాబట్టి మధ్యలో ఎవరో ఒకరు అంకెల్ని కరెంటుగా మార్చాలి. ఆ పని చేసే చిప్‌ను డాక్ అంటారు. అలా వచ్చిన కరెంటు చాలా బలహీనంగా ఉంటుంది కనుక దాన్ని స్పీకర్‌ను కదిలించేంతగా పెంచాలి. అది ఆంప్లిఫయర్ పని, ఎక్కువ కార్లలో స్టీరియోలోనే ఉంటుంది. ఇక పాట మార్చడం, ఆపడం, వెనక్కి తిప్పడం మూడో పని.

ఏ దారి ఎంచుకున్నా ఆంప్లిఫయర్ స్టీరియోదే. తేడా అంతా మిగిలిన రెండు పనుల్లోనే ఉంది. ఆక్స్ వైరు పెడితే మార్పిడీ, పెత్తనమూ రెండూ ఫోన్‌వే. పెన్‌డ్రైవ్ పెడితే రెండూ స్టీరియోవే. బ్లూటూత్‌లో మార్పిడి స్టీరియోది, పాటల ఎంపిక ఫోన్‌ది. ఈ లెక్క గుర్తుంటే పాట ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టడం తేలిక.

ముందుగా స్టీరియోను పరిశీలనగా చూడండి. బ్లూటూత్ గుర్తు ఉందా, గుండ్రటి ఆక్స్ రంధ్రం ఉందా, బల్లపరుపు యూఎస్‌బీ రంధ్రం ఉందా? స్టీరియో మీద కనపడకపోతే గేర్ రాడ్ ముందు, గ్లవ్ బాక్సులో, ముందు సీట్ల మధ్య చేయి ఆన్చుకునే పెట్టెలో కూడా వెతకండి. చాలా కంపెనీలు అక్కడే పెడతాయి. తర్వాత సోర్స్ అనో మోడ్ అనో రాసున్న మీటను వరసగా నొక్కుతూ పోండి. ఎఫ్ఎం, సీడీ, యూఎస్‌బీ, ఆక్స్, బీటీ ఆడియో అంటూ పేర్లు మారతాయి. మీ స్టీరియోకు తెలిసిన దారుల చిట్టా అదే. కొన్ని స్టీరియోల్లో ఏదైనా గుచ్చితే తప్ప ఆ పేరు చిట్టాలోకి రాదన్నది కూడా మనసులో పెట్టుకోండి.

ఆక్స్: పాతదే కానీ నమ్మకస్తురాలు

రెండు కొసలా 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న వైరు ఇది. ఒక కొస ఫోన్‌లో, రెండోది స్టీరియోలో గుచ్చి సోర్స్‌ను ఆక్స్‌కు మార్చడమే. జత కలపడాలు, పాస్‌వర్డులు ఏమీ లేవు. పాట కంప్రెస్ కాకుండా నేరుగా వెళ్తుంది. ఫోన్‌లో ఏ యాప్ మోగినా, మ్యాప్ దారి చెప్పినా అన్నీ స్పీకర్లలో వినిపిస్తాయి.

చిక్కల్లా ఫోన్‌లో ఆ రంధ్రం కనుమరుగు కావడమే. 2016లో ఐఫోన్ 7తో ఆపిల్ దాన్ని తీసేసింది, క్రమంగా ఇతర కంపెనీలూ అదే బాట పట్టాయి. ఇప్పుడు మధ్యలో ఓ కన్వర్టర్ కావాలి. కొనేటప్పుడు అడగాల్సిన మాట ఒకటుంది: "లోపల డాక్ ఉన్నదేనా?" టైప్ సీ కన్వర్టర్లు రెండు రకాలు. ఒక రకంలో చిప్ ఉంటుంది. రెండో రకం ఉత్త వైరు, ఫోనే మార్పిడి చేసి పంపుతుందని ఆశపడుతుంది. ఆ ఏర్పాటు లేని ఫోన్‌కు అది గుచ్చితే ఏమీ వినపడదు. పక్కింటివాళ్ల ఫోన్‌లో పనిచేసిన కన్వర్టర్ మన దాంట్లో మూగబోయేది అందుకే.

ఆక్స్ వాడేవాళ్లకు ఎదురయ్యే రెండో బాధ గుయ్‌మనే రొద. ఇంజిన్ ఆపి వింటే పాట శుభ్రంగా ఉంటుంది. ఇంజిన్ ఆన్ చేసి, ఫోన్‌ను కారు ఛార్జర్‌కు పెట్టగానే పాట వెనక సన్నగా ఓ ఈల మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆ ఈల కీచుమంటూ పైకి పోతుంది, కాలు తీస్తే దిగుతుంది. ఇప్పుడు ఛార్జర్ వైరు పీకి చూడండి. ఈల టక్కున ఆగిపోతే స్పీకర్లలో దోషం లేదని తేలినట్టే. ఫోన్ ఛార్జర్ ద్వారా ఒకచోట, ఆక్స్ వైరు ద్వారా మరోచోట కారు ఎర్త్‌కు తగులుతోంది. ఆ రెండు చోట్ల మధ్య ఉన్న కాస్త వోల్టేజీ తేడా, ఇంజిన్‌తో తిరిగే ఆల్టర్నేటర్ రొదను మోసుకుని పాటలో కలుస్తోంది. పాటలు వింటున్నంతసేపూ ఛార్జింగ్ తీసేయడం ఖర్చులేని మందు. రెండూ కావాలంటే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బీని ఆక్స్ వైరు మధ్యలో పెట్టాలి. లోపలున్న బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు పాటను పోనిచ్చి, రెండు ఎర్తుల మధ్య లంకె తెంపుతాయి.

సౌండ్ విషయంలో ఒక పద్ధతి పాటించండి. ఫోన్‌లో సౌండ్‌ను పూర్తిగా పెంచకుండా ఓ మెట్టు తక్కువలో ఉంచి, మిగతాది స్టీరియో నాబ్‌తో సర్దుకోవాలి. ఫోన్‌లో తక్కువ పెట్టి స్టీరియోలో పెంచితే పాటతో పాటు హిస్సు కూడా పెరుగుతుంది.

బ్లూటూత్: కాల్ వస్తుంది, పాట రాదు

వైరు గొడవ లేకపోవడంతో ఎక్కువమంది వాడేది ఇదే, ఎక్కువమంది విసుక్కునేదీ దీన్నే. మొదటిసారి జత కలపడం బండి ఆపుకుని చేయాలి. స్టీరియోలో ఫోన్ బొమ్మనో, బ్లూటూత్ సెట్టింగ్‌లో పెయిరింగ్‌నో నొక్కితే అది కాసేపు తన ఉనికిని చాటుతూ ఉంటుంది. ఆలోపు ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో కారు పేరు పట్టుకోవాలి. పాత స్టీరియోలు పిన్ అడుగుతాయి. ఎక్కువగా అది 0000 గానీ 1234 గానీ అయి ఉంటుంది. కొత్తవాటిలో రెండు తెరల మీదా ఒకే నంబరు కనబడితే ఔనంటే చాలు.

ఇంతా చేశాక ఫోన్ వస్తే స్పీకర్‌లో మోగుతుంది, మాటలు వినపడతాయి, పాట మాత్రం ఫోన్‌లోనే పాడుతుంది. దీనికి కారణం బ్లూటూత్ ఒకే దారి కాకపోవడం. అది రెండు గుమ్మాలున్న ఇల్లు. కాల్స్ ఒక గుమ్మంలోంచి, సంగీతం మరో గుమ్మంలోంచి వెళ్తాయి. కాల్స్ గుమ్మం మాటలకు సరిపోయే మోనో ధ్వనికే చేశారు. సంగీతం కోసం ఏర్పడిన గుమ్మానికి సాంకేతికంగా ఏ2డీపీ అని పేరు. పాత కార్లలో కొన్నింటికి మొదటిదొక్కటే ఇచ్చారు. అలాంటి స్టీరియోతో ఎంత పెనుగులాడినా సంగీతం రాదు. స్టీరియోకు రెండూ ఉండి ఫోన్‌లోనే మూసుకుపోయిన సందర్భాలూ ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ జాబితాలో కారు పేరు పక్కనున్న పళ్లచక్రం గుర్తు నొక్కితే ఫోన్ కాల్స్, మీడియా ఆడియో అని విడివిడి స్విచ్చులు కనిపిస్తాయి. మీడియా ఆడియో ఆన్‌లో ఉందో లేదో అక్కడ చూడండి. ఆ తర్వాత స్టీరియో సోర్స్ బీటీ ఆడియోకు మారిందో లేదో చూడండి. ఎఫ్ఎం మీద ఉంచి పాట కోసం ఎదురుచూసేవాళ్లు తక్కువేం కాదు. మ్యాప్ గొంతు వినపడకపోవడానికి కూడా తరచు ఇదే కారణం. ఫోన్ దాన్ని బ్లూటూత్‌లో పంపుతూనే ఉంటుంది, స్టీరియో మాత్రం రేడియో వింటూ కూర్చుంటుంది.

ఇంట్లో నలుగురూ తమ ఫోన్లు జత కలిపిన కారులో మరో తగువు మొదలవుతుంది. తాళం తిప్పగానే స్టీరియో ఎవరి ఫోన్‌ను పట్టుకుంటుందో తెలియదు. నాన్న ఫోన్‌లో పాట పెడితే, వెనక సీట్లో అబ్బాయి ఫోన్‌లోని వీడియో స్పీకర్లలో మోగుతుంది. ఇలాంటప్పుడు అక్కర్లేని ఫోన్లో బ్లూటూత్ ఆపడమే తక్షణ మార్గం. స్టీరియోలు కొద్ది ఫోన్లనే గుర్తుంచుకుంటాయి. జాబితా నిండితే కొత్తదాన్ని చేర్చుకోవు, కొన్ని పాతదాన్ని చెప్పాపెట్టకుండా తుడిచేస్తాయి. ఎంతకీ కలవకపోతే ఫోన్‌లో కారు పేరునూ, స్టీరియోలో ఫోన్ పేరునూ రెండు వైపులా తీసేసి మళ్లీ మొదటి నుంచి కలపాలి. ఒకవైపే తీసేస్తే రెండోవైపు పాత తాళంచెవితోనే ప్రయత్నిస్తూ ఉంటుంది.

బ్లూటూత్‌లో పాట నాణ్యత తగ్గుతుందన్న మాట నిజమే. గాలిలో పంపడానికి ఫోన్ పాటను మళ్లీ కుదిస్తుంది. అందరూ తప్పనిసరిగా పాటించాల్సిన ఎస్‌బీసీ పద్ధతిలో మంచి సెట్టింగ్ అంటే సెకనుకు సుమారు 328 కిలోబిట్లు. ఇంట్లో మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే తేడా పట్టే చెవులు ఉండొచ్చు. 80 కిలోమీటర్ల వేగంలో టైర్ల హోరు, ఏసీ గాలి, పక్కన లారీ హారన్ల మధ్య ఆ తేడా కోసం బాధపడనక్కర్లేదు.

ఆక్స్ ఉండి బ్లూటూత్ లేని కార్లకు చౌకైన ఉపాయం ఉంది. బ్లూటూత్ రిసీవర్ అనే బొటనవేలంత పరికరాన్ని ఆక్స్‌లో గుచ్చితే చాలు. ఫోన్ దానితో మాట్లాడుతుంది, అది స్టీరియోకు పాట అందిస్తుంది. స్టీరియో మార్చే ఆలోచన చేసేవాళ్లు ముందు దీన్ని ప్రయత్నించాలి.

యూఎస్‌బీ: ఛార్జింగ్ ఎక్కుతుంది, పాటలు కనపడవు

ఆండ్రాయిడ్ ఫోన్‌ను స్టీరియో యూఎస్‌బీలో పెడితే చాలాసార్లు ఛార్జింగ్ మొదలై, తెర మీద నో ఫైల్ అనో, నాట్ సపోర్టెడ్ అనో వస్తుంది. మామూలు స్టీరియో ఆ రంధ్రంలో పెన్‌డ్రైవ్ కోసం చూస్తుంది. ఇప్పటి ఫోన్లు తమను పెన్‌డ్రైవ్‌గా చూపించుకోవు, ఎంటీపీ అనే వేరే పద్ధతిలో ఫైళ్లు ఇస్తాయి. ఆ పద్ధతి తెలియని స్టీరియోకు ఫోన్ ఖాళీగా కనపడుతుంది. ఐఫోన్‌కు ఈ బాధ కొంత తక్కువ. ఐపాడ్ రోజుల్లోనే ఆపిల్‌తో మాట్లాడటం నేర్చుకున్న స్టీరియోలు చాలా ఉన్నాయి.

తప్పు కేబుల్‌ది కూడా కావచ్చు. యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి, రెండు కరెంటుకు, రెండు సమాచారానికి. ఛార్జింగ్ కోసమే చేసిన చౌక కేబుళ్లలో సమాచారం తీగలు ఉండవు. అందుకే స్టీరియోను అనుమానించే ముందు ఆ కేబుల్‌తో ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి ఫైళ్లు కనిపిస్తున్నాయేమో చూడండి. పాత కారులోని యూఎస్‌బీ రంధ్రం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. మ్యాప్, పాటలు, మొబైల్ డేటా అన్నీ నడుస్తుంటే ఛార్జింగ్‌లో పెట్టినా బ్యాటరీ తరిగిపోయేది అందుకే.

ఈ రంధ్రానికి అసలైన జోడీ పెన్‌డ్రైవే. నల్లమల గుండా శ్రీశైలం వెళ్లేవాళ్లకు దాని విలువ బాగా తెలుసు. సిగ్నల్ పోయిన చోట ఆన్‌లైన్ పాట ఆగిపోతుంది, పెన్‌డ్రైవ్ ఆగదు. ఫోన్‌లోనే వినాలంటే బయల్దేరే ముందే వై-ఫైలో పాటల్ని డౌన్‌లోడ్ చేసి ఉంచుకోవాలి. పెన్‌డ్రైవ్ కొనేటప్పుడు 32 జీబీ దాటకుంటే మంచిది. అంతకు పెద్దవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో వస్తాయి, పాత స్టీరియోలు ఫ్యాట్32 మాత్రమే చదువుతాయి. 320 కేబీపీఎస్‌లో ఐదు నిమిషాల పాట 12 ఎంబీ అనుకున్నా 32 జీబీలో రెండున్నర వేల పాటలకు చోటుంటుంది.

ఇందులో తెలుగువాళ్లకు ఎదురయ్యే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పాట పేరు తెలుగు లిపిలో ఉంటే చాలా స్టీరియోల తెర మీద వరసగా చతురస్రాలో ప్రశ్న గుర్తులో వస్తాయి. పాట పాడుతుంది కానీ ఏ పాటో తెలియదు. స్టీరియోలో తెలుగు అక్షరాల ఫాంట్ లేకపోవడమే కారణం. ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చినా ఒక్కోసారి డబ్బాలు పోవు. ఎంపీ3 ఫైలు లోపల పాట, సినిమా, గాయకుల పేర్లు ట్యాగ్‌గా విడిగా దాగి ఉంటాయి, స్టీరియో ముందు వాటినే చూపిస్తుంది. వాటినీ మార్చాలి. వరస విషయంలోనూ ఓ కిటుకుంది. కొన్ని స్టీరియోలు అక్షరక్రమం పట్టించుకోవు, పెన్‌డ్రైవ్‌లోకి ఏ పాట ముందు కాపీ అయితే దాన్నే ముందు పాడతాయి. సుప్రభాతం మొదట రావాలంటే పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి, దాన్నే మొదట కాపీ చేయాలి.

ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే

టచ్ స్క్రీన్ ఉన్న కార్లలో ఇప్పుడు ఇదే రాజమార్గం. ఆపిల్ కార్‌ప్లే 2014లో, గూగుల్ ఆండ్రాయిడ్ ఆటో 2015లో కార్లలోకి వచ్చాయి. ఫోన్‌ను కలపగానే కారు తెర మీద పెద్ద పెద్ద గుర్తులతో మ్యాప్, పాటలు, కాల్స్ వస్తాయి. పనంతా చేసేది ఫోనే. కారు తెర అద్దం లాంటిదే కాబట్టి ఫోన్ కొత్తదైతే కారు తెర కూడా కొత్తదైనట్టే.

వైరుతో పనిచేసే రకానికి మంచి డేటా కేబుల్ ముఖ్యం. గతుకు రాగానే తెర ఆగి మళ్లీ వస్తోందంటే తొలి ముద్దాయి కేబులే. రెండో ముద్దాయి ఫోన్ ఛార్జింగ్ రంధ్రంలో పేరుకున్న దూది, దుమ్ము. వైరు లేని రకంలో ఫోన్, కారు బ్లూటూత్‌లో పలకరించుకుని, అసలు పని వై-ఫై మీదకు మార్చుకుంటాయి. ఎక్కువ కార్లలో అది 5 గిగాహెర్ట్జ్ వై-ఫై. ఆండ్రాయిడ్ 11, ఆపై వెర్షన్ ఉన్న ఫోన్లు చాలావరకు దీనికి పనికొస్తాయి. వైరు లేకుండా చేసే డాంగిల్స్ అమ్ముతున్నారు కదా అని తొందరపడకండి. మీ కారులో వైరుతో పనిచేసే ఆండ్రాయిడ్ ఆటో గానీ కార్‌ప్లే గానీ ముందే ఉంటేనే అవి పనికొస్తాయి. లేని కారుకు అవి తెచ్చిపెట్టలేవు.

ఏదీ లేని కారుకు

రేడియో తప్ప ఇంకేదీ లేని స్టీరియోకు ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఉంది. దీన్ని సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చితే, బ్లూటూత్‌లో ఫోన్ పాట అందుకుని, చిన్న రేడియో స్టేషన్‌లా ప్రసారం చేస్తుంది. స్టీరియోను ఆ నంబరుకు తిప్పితే చాలు. కిటుకంతా ఖాళీ నంబరు పట్టుకోవడంలోనే ఉంది. హైదరాబాద్‌లో 91.1, 92.7, 93.5, 98.3, 101.9, 102.8 నంబర్లు స్టేషన్లవి. వాటి మీద పెడితే పెద్ద స్టేషన్ ముందు మన బుల్లి ట్రాన్స్‌మిటర్ నిలవదు. స్టీరియోను మెల్లగా తిప్పుతూ మాట, పాట ఏమీ లేకుండా ఒట్టి హిస్సు మాత్రమే వినపడే చోటు చూసుకోండి. దాని ఇరుపక్కలా కూడా స్టేషన్ లేకపోతే అదే మీది. విజయవాడ చేరేసరికి అదే నంబరులో వేరే స్టేషన్ పలకొచ్చు, అప్పుడు మళ్లీ వెతుక్కోవాలి. ధ్వని నాణ్యతలో ఇది అన్నిటికంటే కింది మెట్టు.

క్యాసెట్ ప్లేయర్ ఇంకా పనిచేస్తున్న పాత కార్లకు క్యాసెట్ అడాప్టర్ దొరుకుతుంది. చూడ్డానికి క్యాసెట్టే, లోపల టేపుకు బదులు చిన్న అయస్కాంత హెడ్ ఉంటుంది. ఫోన్ నుంచి వచ్చిన సంకేతం ఆ హెడ్‌లో అయస్కాంత క్షేత్రంగా మారితే, ప్లేయర్ హెడ్ దాన్ని టేపు అనుకుని చదివేస్తుంది. ట్రాన్స్‌మిటర్ కంటే దీని పాటే తరచు శుభ్రంగా ఉంటుంది.

ఇవేవీ నచ్చకపోతే అప్పుడు స్టీరియో మార్చే మాట. డాష్‌బోర్డులో చోటు సింగిల్ డిన్ అయితే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. డబుల్ డిన్ దానికి రెట్టింపు ఎత్తు. విజయవాడ ఆటోనగర్‌లో చేయించినా, మీ ఊళ్లోనే చేయించినా మీ కారు మోడల్‌కు సరిపోయే కప్లర్‌తోనే బిగించమని పట్టుబట్టండి. కంపెనీ వైర్లు కత్తిరించి అతికిస్తే వారంటీతో పేచీ వస్తుంది, స్టీరింగ్ మీది మీటలు పనిచేయకపోవచ్చు. స్టీరియోకు రెండు కరెంటు వైర్లు వస్తాయి. సాధారణంగా పసుపుది బ్యాటరీ నుంచి ఎప్పుడూ వచ్చేది, ఎరుపుది తాళం తిప్పితేనే వచ్చేది. రెంటినీ తాళం వైపే కలిపేస్తే బండి ఆపిన ప్రతిసారీ స్టీరియో మీ ఫోన్‌నూ, సెట్టింగ్స్‌నూ మర్చిపోతుంది. రెంటినీ బ్యాటరీ వైపే కలిపేస్తే తాళం తీసినా స్టీరియో ఆగదు, నాలుగు రోజులు పక్కన పెట్టిన కారు స్టార్ట్ కాదు. ఫిట్టింగ్ అయ్యాక షాపులోనే తాళం తీసి, మళ్లీ పెట్టి చూడమనేది ఇందుకే.

పాటకన్నా ముఖ్యమైనవి

బండి నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని పాట మార్చడం చట్టం దృష్టిలో ప్రమాదకరమైన డ్రైవింగ్. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం మొదటిసారి పట్టుబడితే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. పాటల జాబితా బయల్దేరే ముందే పెట్టుకోవాలి, దారిలో మార్చే పని పక్క సీటువాళ్లకు అప్పజెప్పాలి.

రెండోది మన గుట్టు. బ్లూటూత్ జత కలిపేటప్పుడు కాంటాక్టులు పంచుకోనా అని ఫోన్ అడుగుతుంది, మనం చూడకుండా సరే అంటాం. దాంతో పేర్లు, నంబర్లు, కాల్ జాబితా కారులోకి చేరతాయి. మన కారైతే ఫర్వాలేదు. సెల్ఫ్ డ్రైవ్ కారు తిరిగి ఇచ్చేటప్పుడు, సొంత కారు అమ్మేటప్పుడు స్టీరియోలోంచి ఫోన్ పేరు తీసేయాలి. ఫ్యాక్టరీ రీసెట్ ఉంటే అదీ చేయాలి. అద్దె కారులో పాటలే వినాలనుకుంటే కాంటాక్టులకు వద్దని చెప్పినా పాట ఆగదు.

మీ కారుకు ఏది మేలన్న ప్రశ్నకు సమాధానం ఈ వరసలో వస్తుంది. ఆండ్రాయిడ్ ఆటో గానీ కార్‌ప్లే గానీ ఉంటే మంచి డేటా కేబుల్ మీద ఖర్చు పెట్టండి. సంగీతాన్ని కూడా అందుకునే బ్లూటూత్ ఉంటే పైసా ఖర్చు లేదు. ఆక్స్ మాత్రమే ఉంటే బ్లూటూత్ రిసీవర్, యూఎస్‌బీ మాత్రమే ఉంటే పెన్‌డ్రైవ్, ఎఫ్ఎం ఒక్కటే ఉంటే ట్రాన్స్‌మిటర్. వేల రూపాయల కొత్త స్టీరియో ఈ వరసలో చిట్టచివరిది. షాపువాళ్లు దాన్నే ముందు పెడతారు కాబట్టి, గుమ్మం ఎక్కకముందే సోర్స్ మీట నొక్కి మీ చిట్టా మీరు చూసుకుని వెళ్లండి.